పాత చిన్న కారు, అలసిన ఇంజిన్: బాగుచేయించాలా, మార్చాలా, పెద్దది ఎక్కించాలా?

"బాడీ సూపర్ ఉందన్నా, ఇంజిన్ల జర పనుంది. ఇంకో ఇంజిన్ ఏసుకుంటే మళ్ల పదేండ్లు చూసుకునేది లేదు." హన్మకొండలోనో జగిత్యాలలోనో లక్ష, లక్షన్నర లోపు కారు వెతికేవాళ్లకు ఈ మాట వినపడకుండా ఉండదు. బేరం కూడా ఊరించేలాగే ఉంటుంది. నడిచే ఆల్టోకి చెప్పే ధరలో సగానికే ఆగిపోయిన ఆల్టో దొరుకుతుంది. మిగిలిన సగంతో ఇంజిన్ సంగతి చూసుకుందాంలే అనిపిస్తుంది. కొన్ని బళ్ల విషయంలో ఆ లెక్క నిజమవుతుంది, కొన్నింట్లో నిలువునా ముంచుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. కొనాల్సింది బాడీని, కాగితాలను. ఇంజిన్‌ను దించొచ్చు, తెరవొచ్చు, బోర్ చేయించొచ్చు (అరిగిన సిలిండర్ లోపలి గోడను చెక్కించడం), మార్చొచ్చు. తుప్పు తిన్న ఫ్లోరును, గడువు దాటి మూలుగుతున్న ఆర్సీని అంత తేలిగ్గా దించలేం. ఇక ఇంజిన్ విషయానికొస్తే, బండితో పుట్టిన ఇంజిన్‌నే తెరిచి బాగుచేయించడం నా మొదటి ఎంపిక. అది పనికిరాదని కొలతలు వేశాక తేలితేనే అదే రకం ఇంకో ఇంజిన్. పెద్ద ఇంజిన్ ఎక్కించే ఆలోచన రోడ్డు మీద తిరిగే బండికి వద్దు.

మ్యాట్ కింద ఏముంది

పెయింట్ మెరుస్తోందా అని చూడకండి. డ్రైవర్ కాళ్ల దగ్గరి రబ్బరు మ్యాట్ ఎత్తండి, దాని కింది కార్పెట్ కూడా ఎత్తండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే రేకు లోపలికి పోతున్నా, పొరలు పొరలుగా ఊడుతున్నా, కొత్తగా నల్ల తారులాంటి కోటింగ్ పూసి ఉన్నా అడుగు వెనక్కి వేయండి. తర్వాత బానెట్ ఎత్తి, ముందు షాక్ అబ్సార్బర్ల పైభాగం బాడీకి బిగించే చోటు, బ్యాటరీ ట్రే కింది భాగం చూడండి. బ్యాటరీ ఆసిడ్ కారి అక్కడి రేకు తినేసి ఉండటం పాత మారుతిల్లో మామూలే. తలుపుల కింద నిలువునా సాగే సిల్, వెనక చక్రాల ఆర్చీలు, డిక్కీలో స్టెప్నీ గుంత. ఇవన్నీ అయ్యాక ఒక టింకరింగ్ మేస్త్రీని పక్కన నిలబెట్టుకుని "దీనికి ఎంత పడుతది?" అని అడగండి. అతను చెప్పే అంకె చాలాసార్లు ఇంజిన్ పని ఖర్చును మించుతుంది.

ఈ విషయంలో మన దిక్కు బళ్లకు ఒక మేలుంది. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఉప్పుగాలి లేదు. ఇక్కడే పుట్టి ఇక్కడే తిరిగిన ఏపీ 36, ఏపీ 15 నంబర్ల ఆల్టో, సముద్రం ఒడ్డున పదిహేనేళ్లు తిరిగిన అదే ఏడాది ఆల్టో కంటే రేకు విషయంలో నయం. రెండోది పదివేలు తక్కువకు వస్తుందని ఆశపడితే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఏ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిసి ఆ పదివేలను మింగేస్తాయి. "హెడ్మాస్టర్ సారు వాడిన బండి" అనే మాటకు మాత్రం ఏ విలువా ఇవ్వకండి. అమ్మేవాళ్ల మాట ప్రకారం తెలంగాణలో కార్లన్నీ హెడ్మాస్టర్లు, డాక్టర్లే నడిపారు.

కాగితాలకే సగం బేరం

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత అయిదేసి ఏళ్లకు రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. దీని మీద గ్రీన్ ట్యాక్స్ వేరు. అసలు దెబ్బ ఇంకొకటి ఉంది: గడువు దాటాక రెన్యువల్‌కు పెట్టకుండా వదిలేస్తే, కేంద్ర నిబంధనల ప్రకారం కారుకు నెలకు 500 చొప్పున అదనం పడుతుంది. ఇంజిన్ పోయి నాలుగేళ్లుగా చెట్టు కింద ఉన్న కారుకు ఆ గడువు కూడా నాలుగేళ్ల కిందటే అయిపోయి ఉంటే, ఆ ఒక్క లెక్కే 24,000. ముప్పై వేలకు కారు కొని, దాన్ని బతికించడానికి ఆర్టీఏలోనే అంత కట్టడం ఏం బేరం? అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆర్సీ ఎప్పటి వరకు ఉందో, చలాన్లు ఎన్ని ఉన్నాయో, ఫైనాన్స్ తీరి హైపోథికేషన్ (ఆర్సీలో ఉండే అప్పు నమోదు) కొట్టేయించారో చూసుకోండి. ఫైనాన్స్ తీరినా దాన్ని కొట్టేయించే ఫారం 35 పెట్టకుండా వదిలేసిన బళ్లు బోలెడు.

పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు చేయాల్సింది ఆర్సీలో పేరున్న మనిషి. మధ్యలో ఇద్దరు చేతులు మారి, అసలు ఓనర్ ఎక్కడున్నాడో తెలియని బండి ఎంత చౌకగా వచ్చినా వద్దు. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ మీరే తీసి ఆర్సీతో పోల్చండి. ఇంజిన్ నంబరు ఇప్పటికే వేరేదైతే, ఇంతకుముందే ఎవరో మార్చి ఆర్సీలో ఎక్కించలేదన్నమాట. ఆ తలనొప్పి మీ పేరుకు బదిలీ అవుతుంది.

ఏ కారు మీద డబ్బు పెట్టొచ్చు

మారుతి 800. 1983 చివర్లో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగింది. హైదరాబాద్‌తో సహా బీఎస్-4 అనే పొగ నిబంధన ముందుగా వచ్చిన 13 నగరాల్లో దీని అమ్మకం 2010లోనే ఆగినా, మిగతా ఊళ్లలో ఆ తర్వాతా సాగింది. అందుకే 2011, 2012 నాటి 800 కావాలంటే హైదరాబాద్ కంటే మన వైపే వెతకాలి. కార్బురేటర్ బండా, ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే) బండా అన్నది ముఖ్యం. కార్బురేటర్ బండిని పరకాలలోనైనా నర్సంపేటలోనైనా చెట్టు కింద విప్పి బిగించే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. అయితే ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్‌లోని డయాఫ్రం దానికోసం చేసినవి కావు. కొన్నాక ఫ్యూయల్ పైపులన్నీ కొత్తవి వేయించే ఖర్చు ముందే కలుపుకోండి. ఊళ్లో తిరగడానికి, డ్రైవింగ్ నేర్చుకోవడానికి ఎంపీఎఫ్ఐ 800 బాగుంటుంది. అయిదుగురు ఎక్కి, ఏసీ వేసి, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కుతానంటే అది మూలుగుతుంది.

ఆల్టో. అదే 796 సీసీ, కానీ ఇంజిన్ అది కాదు. 800లో ఎక్కువ బళ్లకు సిలిండరుకు రెండు వాల్వులు. ఆల్టోది 12 వాల్వుల ఇంజిన్, 46 హార్స్‌పవర్ చిల్లర. స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, లేత్ వాళ్లకు దీని కొలతలు నోటికి వచ్చు. ఇంజిన్ పని చేయించుకుని నడుపుకునే ఉద్దేశం ఉంటే నా ఓటు దీనికే. 2012 అక్టోబరులో వచ్చిన ఆల్టో 800 అయితే ఆర్సీ గడువు కూడా ఇంకా మిగిలి ఉంటుంది.

జెన్ మీద మోజున్నవాళ్లు ఇంకా ఉన్నారు, తప్పు లేదు. 993 సీసీ అల్యూమినియం ఇంజిన్, చేతికి భలే ఉంటుంది. కానీ 2006లో ఆగిపోయింది కాబట్టి ఏ పాత జెన్ తీసుకున్నా దాదాపు ఇరవై ఏళ్లది, అంటే పదివేల ఫీజు గీత మీద ఉన్నది. అద్దాలు, లైట్లు, లోపలి ప్లాస్టిక్ వెతుక్కోవాలి. అది ఇష్టంతో చేసే పని, అవసరంతో చేసేది కాదు.

వ్యాగన్ఆర్ 2010 ముందుదైతే 1061 సీసీ, తర్వాతిది 998 సీసీ కె10బి ఇంజిన్. ఇంటిల్లిపాది తిరగాలంటే, ముసలివాళ్లు ఎక్కి దిగాలంటే దీనికి సాటి లేదు. శాంట్రో జింగ్ కూడా చెడ్డది కాదు, కాకపోతే హ్యుందాయ్ పని తెలిసిన మేస్త్రీ మీ ఊళ్లో ఉన్నాడో లేదో ముందు చూసుకోండి. పాత డీజిల్ చిన్న కార్ల జోలికి ఈ బడ్జెట్‌లో వెళ్లొద్దు. పంపు, ఇంజెక్టర్ల పని పడితే ఒక పెట్రోల్ ఇంజిన్ పని డబ్బంతా అక్కడే పోతుంది.

ఇంజిన్ నిజంగా పోయిందా?

"ఇంజిన్ పోయింది" అన్న మాటను ఎవరు చెప్పినా అలాగే తీసుకోవద్దు. పొద్దున్నే, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. అమ్మేవాడు మీరొచ్చేసరికి వేడిచేసి పెట్టాడా అని బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. స్టార్ట్ చేయగానే ఒక్క దమ్ము నీలం పొగ వచ్చి ఆగిపోతే అది వాల్వ్ సీళ్ల పని కావచ్చు, చిన్న ఖర్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తూ, ఆయిల్ మూత తీస్తే లోపలి నుంచి బుసబుసా గాలి కొడుతుంటే పిస్టన్ రింగులు, బోరు అరిగాయని అర్థం. ఎంతసేపైనా తెల్ల పొగ ఆగకపోవడం, రేడియేటర్ నీళ్లు తగ్గిపోవడం, డిప్ స్టిక్ మీద మీగడలాంటి నురగ కనిపించడం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పొర) పోయిందనడానికి గుర్తులు.

తర్వాత కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టించండి. అంకె ఎంత వచ్చిందన్నదానికంటే అన్ని సిలిండర్లకూ దగ్గర దగ్గరగా వచ్చిందా అన్నది చూడాలి. తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె పెరిగిందా, తప్పు రింగుల్లో ఉంది. పెరగలేదా, వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది. ఇంతా చేస్తే అరగంట పని. ఈ అరగంట పెట్టకుండా ఇంజిన్ మార్చేసిన బళ్లలో హెడ్ పనితో బతకాల్సినవి ఎన్నో ఉంటాయి.

సొంత ఇంజిన్ పని, లేదా స్క్రాప్ ఇంజిన్

రెండింటికీ ఇంజిన్ దించి ఎక్కించే కూలి ఒకటే, క్లచ్ ప్లేట్ మార్చుకునే అవకాశం ఒకటే. తేడా అంతా చేతిలో మిగిలేదాంట్లో ఉంది.

సొంత ఇంజిన్ తెరిపిస్తే ఏం వేశారో మీకు తెలుస్తుంది. బోరు కొలిచి, అరుగుదలను బట్టి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసి, క్రాంక్ గ్రైండింగ్, కొత్త బేరింగులు, హెడ్ ఫేసింగ్, వాల్వ్ సీటింగ్, ఆయిల్ పంపు, టైమింగ్ బెల్ట్ అన్నీ కలిపి చేస్తేనే అది ఫుల్ ఇంజిన్ పని. ఉన్న బోరులోనే కొత్త రింగులు తొడిగి "పని అయిపోయింది" అనేవాళ్లుంటారు. ఆరు నెలలకే మళ్లీ పొగ వస్తుంది. "ఉస్తాద్, క్రాంక్ కొలిపిచ్చినవా? లేత్ బిల్లు ఏది?" అని అడగడానికి మొహమాటపడకండి. పాత పిస్టన్లు, బేరింగులు వెనక్కి ఇమ్మనండి. అన్నిటికంటే పెద్ద లాభం: బ్లాక్ అదే కాబట్టి ఇంజిన్ నంబరు మారదు. ఆర్టీఏ గడప తొక్కే పనే లేదు, రేపు అమ్మినా ఇన్సూరెన్స్ క్లెయిమ్ పడినా ఎవరూ అడగరు.

ఇక స్క్రాప్ ఇంజిన్. హైదరాబాద్ స్క్రాప్ షాపుల్లో గానీ, విజయవాడ ఆటోనగర్లో గానీ కావాల్సింది దొరుకుతుంది. కనెక్టింగ్ రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికొచ్చినప్పుడు, బ్లాక్ పగిలినప్పుడు, ఇంతకుముందే చివరి సైజు దాకా బోర్ అయిపోయినప్పుడు ఇదే దారి. చవక, తొందరగా అవుతుంది. కానీ ఆ ఇంజిన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో దేవుడికే ఎరుక. యాక్సిడెంట్ అయిన బండి నుంచి తీసినదైతే కొంత నయం, ఎందుకంటే ఆ బండి ఆ రోజు వరకు నడిచింది. పాన పెట్టి క్రాంక్ పుల్లీ తిప్పి చూడండి, ఎక్కడా పట్టకుండా తిరగాలి. ఆయిల్ మూత కింద నల్ల ముద్ద పేరుకుని ఉంటే వదిలేయండి. ఆల్టర్నేటర్, సెన్సార్లు, ఏసీ కంప్రెసర్ కలిపి ఇస్తున్నాడా, ఉత్త బ్లాకూ హెడ్డూ ఇస్తున్నాడా అన్నది బేరం అయ్యాక కాదు, ముందే తేల్చుకోవాలి.

షాపులో ఇంకో మాయ ఉంటుంది. "అన్నీ 800 ఇంజిన్లే కదా" అంటారు. కావు. ఆల్టోది 12 వాల్వులది, 800లది ఎక్కువగా ఆరు వాల్వులది. ఓమ్నీది కూడా 796 సీసీయే, కానీ అది వెనక చక్రాలను తిప్పే బండి, ఇంజిన్ నిలువునా కూర్చుంటుంది. 800లో అడ్డంగా కూర్చుంటుంది. మౌంటింగులు, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దగ్గరే లొల్లి మొదలవుతుంది.

నంబరు గీకేసిన బ్లాక్ ఉచితంగా ఇచ్చినా వద్దు. అది దొంగ బండిదై ఉండే అవకాశం ఎక్కువ. నంబరు రాసిన బిల్లు, తీసిన బండి ఆర్సీ నకలు చేతిలో పడ్డాకే డబ్బు ఇవ్వండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చితే 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఇంజిన్ దించకముందే ఒకసారి ఆఫీసుకు వెళ్లి ఏయే కాగితాలు కావాలో అడిగి, అనుమతి తీసుకుని మొదలుపెట్టడం మంచిది. దించాక తెలుసుకుంటే బండి మేస్త్రీ దగ్గరే నెలలు పడి ఉంటుంది.

పెద్ద ఇంజిన్ మోజు

పాత ఆల్టోలో కె10 ఇంజిన్ వేస్తే ఎలా ఉంటుందని కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. జెన్‌లో ఎస్టీమ్ 1298 సీసీ ఇంజిన్ వేసిన ర్యాలీ బళ్ల గురించి వినే ఉంటారు. రెండూ జి-సిరీస్ అనే ఒకే కుటుంబం ఇంజిన్లే కాబట్టి అది కుదిరింది. కానీ ఆల్టోకి కె10బి (కె10లో ఉండే ఇంజిన్) అంటే ఒక్క ఇంజిన్ కాదు. గేర్ బాక్స్, యాక్సిళ్లు, మౌంటింగులు, ఇంజిన్ వైరింగ్ మొత్తం, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉంటే దానికి జత అయిన తాళంచెవి. ఇవన్నీ ఒకే బండి నుంచి రావాలి. 12 అంగుళాల చక్రాలు, 46 హార్స్‌పవర్‌కు సరిపోయే బ్రేకులున్న బండి చేతికి 67 హార్స్‌పవర్ ఇస్తున్నారన్నది వేరే భయం.

పైగా ఇది చట్టానికి వ్యతిరేకం. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యాక్సిడెంట్ జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు చూసేది కూడా ఇదే. చట్టం వెసులుబాటు ఇచ్చింది ఆమోదం పొందిన సీఎన్‌జీ, ఎల్‌పీజీ, ఎలక్ట్రిక్ కిట్ల వంటివాటికి, అవి కూడా ఆర్సీలో ఎక్కాలి. పికప్ కావాలంటే 2010 తర్వాతి ఆల్టో కె10నే కొనండి. 998 సీసీ, టైమింగ్ బెల్టుకు బదులు చైన్, చక్రాలు 13 అంగుళాలవి. ఇంజిన్ మార్పిడికి పెట్టే డబ్బు పాత ఆల్టో ధరకు కలిపితే అది వచ్చేస్తుంది.

వరదలో మునిగిన బండి

2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచిన వానలు, 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వేళ హన్మకొండ, వరంగల్ కాలనీల్లో నిలిచిన నీళ్లు చాలా కార్లను ముంచాయి. నీళ్లలో స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి నీరు వెళ్లి, నీరు నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలాంటి బళ్లు "ఇంజిన్ పని ఒక్కటే" అనే మాటతోనే బేరానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మునిగిన బండికి ఆ చివర్లో మట్టి చార ఉంటుంది. సీటు పట్టాల బోల్టుల తుప్పు, హెడ్‌లైట్ లోపలి బురద, ఫ్యూజ్ బాక్సులో పచ్చటి చిలుము చూడండి. ఎంపీఎఫ్ఐ బండి డ్యాష్‌బోర్డు దాకా మునిగితే ఇంజిన్ మార్చినా వైరింగ్ మిమ్మల్ని వదలదు. దాన్ని ఏ ధరకూ కొనను.

డబ్బు పంపకం, తర్వాతి పని

చేతిలో నూరు రూపాయలుంటే అరవై కారుకి, ముప్పై పనికి, పది ఆర్టీఏకీ ఇన్సూరెన్స్‌కీ. కారుకే ఎనభై పోతుంటే దానికి ఇంజిన్ పని ఉండకూడదు. బ్రేకులు, టైర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు ఇంజిన్ కంటే ముందు చేయించండి. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టం చివర్లో.

ఎండలకు భయపడి మన మేస్త్రీలు థర్మోస్టాట్ వాల్వ్ పీకేస్తుంటారు. పీకనివ్వకండి. ఇంజిన్ సరైన వేడికి చేరకపోతే పెట్రోల్ తాగుతుంది, కొత్త రింగులు సరిగా కూర్చోవు. మే నెలలో వేడెక్కుతోందంటే రేడియేటర్ విప్పి కడిగించండి, ఫ్యాన్ సరైన వేళకు తిరుగుతోందో చూడండి, ఉత్త నీళ్లు కాకుండా కూలంట్ పోయండి. బోర్ చేయించిన ఇంజిన్‌తో మొదటి 1,000 కిలోమీటర్లు ఒకే వేగంతో హైవే మీద లాగకుండా, గేర్లు మారుస్తూ నడపండి. మొదటి ఆయిల్, ఫిల్టర్ 500 దగ్గరే మార్చేయండి. ఆ తీసిన ఆయిల్‌ను పళ్లెంలో పోసి అయస్కాంతం తిప్పి చూడండి. సన్నటి బూడిదలాంటి పొడి అంటితే పర్వాలేదు, వేలికి తగిలే ఇనుప రజను కనిపిస్తే ములుగు, మేడారం ప్రయాణాలు ఆపి బండిని అదే రోజు మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి.